జబర్దస్త్‌లో తగ్గింది నవ్వా, కథా?

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల తెలుగువాళ్లు నడిపే పీజీలకు కొదవ లేదు. వాటి భోజనాల హాల్లో టీవీకి కొన్నేళ్లపాటు గురు, శుక్రవారాల రాత్రి తొమ్మిదిన్నరకి ఒకటే పని. ఈటీవీలో జబర్దస్త్ కామెడీ షో, మర్నాడు ఎక్స్‌ట్రా జబర్దస్త్. ఇప్పుడు ఆ టీవీలో ఇంకేదో నడుస్తుంటుంది, కుర్రాళ్లు కంచం పక్కన ఫోన్ ఆనించుకుని తింటుంటారు. ఆ ఫోన్లలో చాలాసార్లు కనిపించేదీ జబర్దస్తే. కాకపోతే ఈ వారం ఎపిసోడ్ కాదు, ఎన్నో ఏళ్ల కిందటి స్కిట్.

షోలో నవ్వు పోయిందనే మాటకి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదని చాలామంది అంటారు. మాటలో నిజం ఉంది. దానికి చెప్పే కారణాలే సరిపోవడం లేదు. బూతు పెరిగిందంటారు, మంచి నటులు వెళ్లిపోయారంటారు, జడ్జీలు మారారంటారు. ఇవన్నీ జరిగాయి. కానీ వీటన్నిటికంటే ముందే, షో బాగా వెలుగుతున్న రోజుల్లోనే, స్కిట్‌లోంచి కథ జారిపోవడం మొదలైంది. నవ్వు దాని వెనకాలే వెళ్లింది.

2013 ఫిబ్రవరిలో జబర్దస్త్ మొదలైనప్పుడు తెలుగు టీవీలో హాస్యం అంటే ఎక్కువగా సినిమా కామెడీ ముక్కల్ని అతికించి వేయడమే. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చిన అమృతం లాంటి సీరియల్ మళ్లీ రాలేదు. ఆ ఖాళీలోకి మల్లెమాల సంస్థ ఒక పోటీని తెచ్చింది. కొన్ని టీములు, ఒక్కొక్కరికి పది నిమిషాల లోపు స్కిట్, ఎదురుగా జడ్జీలుగా నాగబాబు, రోజా, చివర్లో మార్కులు. అనసూయ, తరువాత రష్మి యాంకర్లు. వేణు, ధన్‌రాజ్, చమ్మక్ చంద్ర, రాకెట్ రాఘవ, చలాకీ చంటి, అదిరే అభి టీమ్ లీడర్లు. వీళ్లలో చాలామంది అప్పటికే సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేస్తూ, ఒక్క డైలాగ్ కోసం రోజంతా సెట్‌లో కూర్చున్నవాళ్లు. పది నిమిషాలు తమవే అన్న అవకాశం దొరికితే ఎలా వాడుకుంటారో అలాగే వాడుకున్నారు.

పాత స్కిట్లన్నీ బంగారం అనుకోవడం న్యాయం కాదు. మనం మళ్లీ మళ్లీ చూసేవి ఏరుకున్నవి. 2013, 2014 నాటి ఏదైనా ఒక మామూలు వారం ఎపిసోడ్‌ని మొత్తంగా కూర్చుని చూస్తే, ఐదారు స్కిట్లలో రెండు మూడు చప్పగానే ఉంటాయి. భార్యను కొట్టడం, నల్లగా ఉన్నవాణ్ని, లావుగా ఉన్నవాణ్ని వెక్కిరించడం అప్పుడూ ఉన్నాయి. ద్వంద్వార్థాలు మొదటి నెలల నుంచీ ఉన్నాయి, వాటిమీద అభ్యంతరాలూ అప్పటి నుంచే ఉన్నాయి. అయినా ఒక తేడా స్పష్టంగా కనబడుతుంది. అప్పటి చప్పటి స్కిట్‌లో కూడా ఏదో కథ చెప్పాలన్న ప్రయత్నం ఉంటుంది, అది ఫలించదు, అంతే. ఇప్పటి చప్పటి స్కిట్‌లో ఆ ప్రయత్నమే ఉండదు.

కథ అంటే ఇక్కడ పెద్ద విషయమేమీ కాదు. ఒక చోటు, ఇద్దరి మధ్య ఒక సంబంధం, ఒకరికి అత్యవసరంగా కావలసింది ఒకటి, దాన్ని దాచడానికో దక్కించుకోవడానికో ఆడే ఒక అబద్ధం. పెళ్లిచూపులకు వచ్చినవాడికి ఉద్యోగం పోయింది, ఆ సంగతి పిల్ల తండ్రికి తెలియకూడదు. అంతే చాలు. అక్కడి నుంచి ప్రతి డైలాగూ ఆ అబద్ధాన్ని ఇంకాస్త బిగిస్తుంది. మొదటి నిమిషంలో మామూలుగా అన్న మాట ఆరో నిమిషంలో తిరిగొచ్చి మెడకు చుట్టుకుంటుంది. చూసేవాడికి అందరికంటే ముందే ప్రమాదం కనబడుతుంటుంది, అందుకే నవ్వు వస్తుంది. చమ్మక్ చంద్ర మొగుడూ పెళ్లాల తగాదాలు, రాకెట్ రాఘవ ఇంటి గొడవలు, గెటప్ శ్రీను ఒక్కో వేషంలో ఒక్కో మనిషిగా మారిపోవడం, వీటన్నిటికీ ఆధారం అదే. శ్రీను వేసే తాగుబోతుకో ముసలాడికో ఒక నడక ఉంటుంది, ఒక మొండితనం ఉంటుంది, వాడికి ఏం కావాలో మనకు తెలుస్తుంది. ఆ వేషం తీసేసినా ఆ మనిషి గుర్తుంటాడు.

హైపర్ ఆది వచ్చాక ఊపు మారింది. అదిరే అభి టీమ్‌లో రాస్తూ, నటిస్తూ పైకొచ్చిన ఆది నిజంగా ప్రతిభ ఉన్న రచయిత. ప్రాస మీద పట్టు, ఆ వారం ఊళ్లో అందరూ మాట్లాడుకుంటున్న సంగతిని మర్నాటికల్లా డైలాగ్ చేసే వేగం, ఎదుటివాడి మాట పూర్తికాకముందే కౌంటర్ వేసే టైమింగ్ ఉన్నవాడు. అతని స్కిట్లకు జనం విరగబడి నవ్వారు, ఆ నవ్వు దొంగది కాదు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ పద్ధతిలో కథ పంచ్‌ల్ని తగిలించే కొయ్యగా మిగిలింది. ఒకరు ఎంట్రీ ఇస్తారు, వాళ్లమీద నాలుగు పంచ్‌లు. ఇంకొకరు వస్తారు, ఇంకో నాలుగు. అందరూ వచ్చేశాక స్కిట్ అయిపోతుంది. ఆది చేతిలో అది నడిచింది. అతన్ని చూసి మిగతా టీములూ అదే దారి పట్టాయి, ఎందుకంటే పంచ్‌కి రేటింగ్ వచ్చింది, రాయడానికి తక్కువ టైమ్ పట్టింది. కథ కట్టాలంటే ముందూ వెనకా చూసుకోవాలి, చివరిని మొదట్లోనే అనుకోవాలి. పంచ్‌కి అవేవీ అక్కర్లేదు.

పైగా ఆ పంచ్‌ల్లో చాలా భాగం పాత్ర మీద కాదు, నటుడి మీద. టీమ్ లీడర్ సుడిగాలి సుధీర్‌కి అమ్మాయిల పిచ్చి అని, సుధీర్‌కి రష్మికీ మధ్య ఏదో ఉందని, ఫలానా నటి పారితోషికం ఇంతని, జడ్జి గారి చిన్నప్పటి సంగతులని. సుధీర్, రష్మిల జంట చుట్టూ అల్లిన కథనం చాలా ఏళ్లు నడిచింది, పండగ ప్రత్యేక కార్యక్రమంలో ఉత్తుత్తి పెళ్లి కూడా చేశారు. మొదట్లో ఇది సరదాగానే ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ స్కిట్ లోపలి మనుషులు మాయమై, స్టేజి మీద టీవీ నటులు తమ గురించి తాము చెప్పుకుంటున్నట్టు తయారైంది.

ఇక్కడే బెంగళూరు తెలుగువాళ్ల ఇళ్లు మంచి పరీక్ష. చిక్‌పేట, కబ్బన్‌పేట వైపు తరాలుగా ఉంటున్న కుటుంబాలున్నాయి, ఐటీ ఉద్యోగాలకు వచ్చి కేఆర్ పురంలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఫ్లాట్ కొనుక్కున్నవాళ్లున్నారు. ఇక్కడే పుట్టిన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లిష్. హైదరాబాద్ టీవీ లోకంలో ఎవరికి ఎవరితో పడదో, ఎవరు ఏ షోలో ఏమన్నారో వాళ్లకు తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. అలాంటి పిల్లవాడికి పెళ్లిచూపుల అబద్ధం స్కిట్ పెడితే అమ్మమ్మ పక్కన కూర్చుని ఇద్దరూ ఒకే చోట నవ్వుతారు. యాంకర్ మీదో జడ్జి మీదో వేసే పంచ్ పెడితే ఎందుకు నవ్వాలో వివరించాల్సి వస్తుంది. దూరంగా ఉన్నవాడికి అందే హాస్యం తన కాళ్లమీద తాను నిలబడిన హాస్యం. ఈ పరీక్షలో పాత స్కిట్లు ఎక్కువసార్లు నెగ్గుతాయి, కొత్తవి ఎక్కువసార్లు ఓడిపోతాయి.

చూసేవాళ్లను, ఆడించేవాళ్లను ఆటపట్టించడం తెలుగు వేదికకు కొత్త కాదు, తప్పూ కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క చేసేది అదే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. రామాయణం మధ్యలో కేతిగాడు దూరి, ఊరి పెద్దను రెండు మాటలని, బంగారక్కతో మోటు సరసం ఆడి వెళ్లిపోతాడు. బుర్రకథలో హాస్యం చెప్పే వంతగాడిదీ అదే పని. కథ మళ్లీ మొదలవుతుందన్న నమ్మకం ఉంది కాబట్టే ఆ అల్లరికి రుచి. జబర్దస్త్‌లో కేతిగాడు ఉన్నాడు, చాలామంది ఉన్నారు. వెనక రామాయణం లేదు.

ఎందుకు లేదన్నదానికి జవాబు నటుల బద్ధకంలో వెతకడం అన్యాయం. లెక్క చూడాలి. వారానికి ఐదు స్కిట్లు అనుకున్నా ఏడాదికి 250 దాటుతాయి. 2014లో ఎక్స్‌ట్రా జబర్దస్త్ వచ్చాక అది 500 అయింది. ఇలా ఏళ్ల తరబడి, విరామం లేకుండా. ఇవే ముఖాలు అదే సంస్థ తీసే డ్యాన్స్ షో ఢీలో కనిపించాయి, 2021 నుంచి ఆదివారాల్లో శ్రీదేవి డ్రామా కంపెనీలో కనిపించాయి, పండగ వస్తే ప్రత్యేక కార్యక్రమంలో కనిపించాయి. వాటి మధ్య సినిమా షూటింగులు, బయటి ఊళ్లలో ఈవెంట్లు. చాలా టీముల్లో రాసేదీ నటించేదీ ఒకరే. సుధీర్, శ్రీను, రామ్‌ప్రసాద్ ముగ్గురి స్కిట్లలో కలం ఎక్కువగా రామ్‌ప్రసాద్‌ది. అతను నటించాలి, రాయాలి, రిహార్సల్ చేయించాలి, మళ్లీ వారం తిరక్కుండా ఇంకోటి. పదేళ్లపాటు ఏ మనిషీ అలా కొత్త కథలు కట్టలేడు. ఊపిరాడనప్పుడు చేతికి అందేది పక్కన నిలబడ్డవాడి ముఖం, వాడి పెళ్లి, వాడి జుట్టు.

ప్రపంచంలో ఇలాంటి షోల్లో ఎక్కువ కాలం బతికినవాటిలో అమెరికాలోని శాటర్‌డే నైట్ లైవ్ ఒకటి. 1975 అక్టోబరులో మొదలైంది, యాభై ఏళ్లు దాటింది. దాన్ని చచ్చిపోయిందని జనం తిట్టని దశాబ్దం లేదు. నిర్మాత లార్న్ మైకేల్స్ 1980లో వెళ్లిపోయాక ఆ ఏడాది దాదాపు మూతపడే దాకా వచ్చింది, 1985లో ఆయన తిరిగొచ్చి నిలబెట్టాడు. అది ప్రతిసారీ కోలుకోవడానికి కారణం వాళ్లకు మనకంటే హాస్యం ఎక్కువ తెలియడం కాదు. ఏడాదికి ఇరవై ఎపిసోడ్ల చుట్టూ మాత్రమే తీస్తారు, వేసవంతా సెలవు. నటులతో పాటు విడిగా రచయితల బృందం ఉంటుంది. మంగళవారం రాత్రంతా రాస్తారు, బుధవారం అందరూ కూర్చుని నలభై దాకా స్కిట్లు చదువుతారు, అందులో చాలా భాగం అక్కడే పోతాయి. శనివారం ప్రేక్షకుల ముందు ఒక రిహార్సల్ వేసి, నవ్వు రానివాటిని గంటలోపు తీసేసి, అప్పుడు ప్రత్యక్ష ప్రసారం చేస్తారు. అయినా చప్పటివి మిగులుతాయి. కొట్టేసే ఏర్పాటు ఉన్న చోటే అలా ఉంటే, ఏడాది పొడవునా గంట నింపాల్సిన చోట ఎలా ఉంటుంది?

అంత దూరం పోనక్కర్లేదు. బెంగళూరులో కూర్చున్నవాడికి పక్క ఛానెల్‌లోనే ఇంకో పద్ధతి కనిపిస్తుంది. 2016లో జీ కన్నడలో వచ్చిన కామెడీ ఖిలాడిగళు సీజన్ల లెక్కన నడిచింది. ప్రతి సీజన్‌కి కర్ణాటక జిల్లాల నుంచి కొత్త ముఖాలు, కొన్ని నెలల పోటీ, విజేత, ఆపై విరామం. కన్నడ నాటకరంగం నుంచి, పల్లెటూరి బృందాల నుంచి వచ్చినవాళ్లకు అది దారి అయింది. జబర్దస్త్‌కి సీజన్ లేదు. కొత్తవాళ్లు వస్తారు, కానీ ఏదో ఒక టీములో ఐదో మనిషిగా, లీడర్ పంచ్ వేయడానికి నిలబడే మనిషిగా వస్తారు. వాళ్లకు సొంత పది నిమిషాలు దొరికేసరికి ఏళ్లు పడుతుంది, అప్పటికి వాళ్లూ అదే పద్ధతి నేర్చేసుకుంటారు.

వెళ్లిపోయినవాళ్ల సంగతి. 2019 చివర్లో నాగబాబు జీ తెలుగుకి వెళ్లి అదిరింది అనే కామెడీ షో మొదలుపెట్టారు, చమ్మక్ చంద్ర లాంటి కొందరు ఆయన వెంట వెళ్లారు. 2022లో రోజా మంత్రి అయి తప్పుకున్నారు, అదే ఏడాది అనసూయ కూడా. సుధీర్ సినిమాల్లో హీరో అయ్యాడు. 2024లో ఎక్స్‌ట్రా పేరు కూడా పోయింది, రెండూ ఒకే పేరు కిందకి వచ్చాయి. ఇంతమంది పోతే షో దెబ్బతినకుండా ఉండదు, నిజమే. కానీ అదిరింది కూడా ఎక్కువ కాలం నిలవలేదు. అదే మనుషులు, అదే జడ్జి, అదే పద్ధతి, వేరే ఛానెల్. లోటు మనుషుల్లో ఉంటే, వాళ్లు వెళ్లిన చోట నవ్వు పండాలి కదా.

ఈ నటుల్లో కథ చెప్పే శక్తి లేదని అనడానికీ వీల్లేదు. మొదటి టీమ్ లీడర్లలో ఒకడైన వేణు యెల్దండి 2023లో బలగం సినిమా తీశాడు. తెలంగాణ పల్లెలో ఒక చావు ఇల్లు, పిండం ముట్టని కాకి, విడిపోయిన తోబుట్టువులు. ఊళ్లలో తెరలు కట్టి మరీ చూశారు. అందులోని హాస్యం ఎవరి ముఖం మీదా వేసిన పంచ్ కాదు, ఇంటిమనుషుల మొండితనంలోంచి పుట్టినది. ఆ మనిషి చేతిలో అప్పుడూ ఆ శక్తి ఉంది. వారం వారం నింపాల్సిన స్టేజి మీద దానికి చోటు దొరకలేదు, స్క్రిప్టు మీద నెలలు కూర్చునే వీలున్నచోట దొరికింది.

యాస విషయం కూడా ఇందులో భాగమే, బయటి ఊళ్లో ఉన్నవాళ్లకి బాగా తగిలేదీ అదే. తొలి ఏళ్లలో జబర్దస్త్ చేసిన గొప్ప మేలు ఏమిటంటే, సినిమాల్లో పనివాడికో రౌడీకో మాత్రమే ఇచ్చే శ్రీకాకుళం, నెల్లూరు, చిత్తూరు, తెలంగాణ మాటల్ని స్టేజి మధ్యలోకి తెచ్చింది. మారతహళ్లి పీజీలో ఒకే బల్ల చుట్టూ కడపవాడు, విజయనగరంవాడు, వరంగల్‌వాడు కూర్చుంటారు. సొంత ఊళ్లో ఉంటే ఒకరి మాట ఇంకొకరు రోజూ వినేవాళ్లు కాదు. ఆ బల్ల దగ్గర ఒక స్కిట్‌లోని నెల్లూరు మామ తన ఊరి మామలా మాట్లాడితే ఆ ఊరివాడు ఛాతీ విరుచుకుని నవ్వుతాడు. యాస పాత్రలోంచి వచ్చినప్పుడు జరిగేది అది. తరువాత తరువాత యాస కూడా పంచ్‌లో కలిసిపోయింది. పాత్ర ఎవరో తెలియదు, ఒక్క మాటను సాగదీసి పలకడమే జోక్. అప్పుడు అదే బల్ల దగ్గర ఒకడు మౌనంగా తింటాడు. వెక్కిరింతకీ హాస్యానికీ మధ్య గీత అక్కడ కనబడినంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడదు.

ఆడవేషాల్లో కూడా ఇదే జరిగింది. స్త్రీ పాత్రను మగవాడు వేయడం మనకు అవమానం కాదు. స్థానం నరసింహారావు, వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా నిలబడితే జనం చేతులెత్తి మొక్కారు. జబర్దస్త్‌లో లేడీ గెటప్ వేసిన కుర్రాళ్లలోనూ కొందరు మొదట్లో భార్యగా, అత్తగా, అక్కగా నిజంగా నటించారు. క్రమంగా ఆ వేషమే వెక్కిరింతకు లక్ష్యమైంది, వాళ్ల శరీరం మీద, వాళ్ల మగతనం మీద అదే నాలుగు మాటలు ప్రతి వారం. ఇది చూసి ఇళ్లలో ఛానెల్ మార్చినవాళ్లది చాదస్తం కాదు. బూతు గురించి గొంతెత్తినవాళ్లు చెప్పిందీ చాలావరకు ఇదే. బూతు నవ్వును చంపలేదు. కథ పోయిన చోట ఖాళీ నింపడానికి అన్నిటికంటే తేలిగ్గా దొరికింది బూతు.

యూట్యూబ్ ఈ జారుడుని ఇంకా తొందరపెట్టింది. పూర్తి ఎపిసోడ్‌ని చూసే జనం తగ్గి, స్కిట్‌ని, స్కిట్‌లోంచి కోసిన ముక్కని చూసే జనం పెరిగారు. ప్రోమోలో పెట్టడానికి పనికొచ్చేది అరనిమిషం గొడవ, కన్నీళ్లు, ప్రేమ ప్రతిపాదన, ఎవరో అలిగి స్టేజి దిగిపోవడం. ఆరో నిమిషంలో తిరిగొచ్చే మాట ప్రోమోలో పట్టదు. శుక్రవారం రాత్రి మెజెస్టిక్‌లోనో కలాసిపాళ్యలోనో అనంతపురం, కడప బస్సెక్కి ఫోన్ తెరిచినవాడికి ముందు కనిపించేవి ఆ థంబ్‌నెయిల్ ఏడుపులే. లోపలికి వెళ్తే ఆ ఏడుపు ఉత్తదేనని తేలుతుంది. నాలుగుసార్లు అలా మోసపోయినవాడు ఐదోసారి పాత స్కిట్ వెతుక్కుంటాడు. దానికితోడు, పంచ్ పడీపడకముందే తెర మీద జడ్జి నవ్వుతున్న ముఖం, వెనక నవ్వుల శబ్దం. నవ్వమని చెప్పాల్సిన అవసరం పెరుగుతోందంటే రాసినవాళ్లకే నమ్మకం తగ్గుతోందని అర్థం.

ఇప్పటి షోలో మంచి లేదని దీని అర్థం కాదు. స్త్రీ పాత్రల్ని స్త్రీలే వేయడం పెరిగింది. సత్యశ్రీ, రోహిణి, ఫైమా లాంటివాళ్లు వచ్చాక భార్య పాత్ర కేవలం దెబ్బలు తినే పాత్రగా మిగల్లేదు, తిరిగి మాటకు మాట చెప్పింది. రోహిణి ఒక పనిమనిషిగానో పల్లెటూరి తల్లిగానో నిలబడితే ఆ పది నిమిషాలు పాత జబర్దస్త్ కంటే తక్కువేమీ కాదు. రాకెట్ రాఘవ లాంటివాళ్లు ఇన్నేళ్లయినా ఇంటి కథను వదలకుండా పట్టుకున్నారు. ఇవి ఎప్పుడో ఒకసారి తగిలే మెరుపులు కావడమే బాధ.

కొత్తవాళ్లు ఎటు చూస్తున్నారో బెంగళూరు అపార్ట్‌మెంట్లలో సంక్రాంతికి, ఉగాదికి వేసే స్కిట్లలో తెలుస్తుంది. పగలంతా కోడ్ రాసేవాళ్లు సాయంత్రాలు క్లబ్‌హౌస్‌లో రిహార్సల్ చేసి వేసేదాన్ని అందరూ జబర్దస్త్ స్కిట్ అనే పిలుస్తారు. షోకి దక్కిన పెద్ద గౌరవం అది. వాళ్లు తీసుకునేది అత్తాకోడళ్లను, పోలీస్ స్టేషన్‌ని, డాక్టర్ గదిని, ఇంటి ఓనర్ అడ్వాన్సు తిరిగివ్వకపోవడాన్ని. టీవీ నటుల గురించి పంచ్‌లు అక్కడ పనిచేయవు, ఎందుకంటే స్టేజి మీద ఉన్నది పక్క బ్లాక్‌వాళ్లు. కాబట్టి కథ కట్టక తప్పదు, కట్టుకుంటున్నారు. ఇందిరానగర్, కోరమంగళల్లో తెలుగులో స్టాండప్ చెప్పే కుర్రాళ్లు కూడా అద్దె ఇంటి కష్టాల్ని, ఊళ్లో అమ్మానాన్నలతో ఫోన్ మాటల్నే తవ్వుకుంటున్నారు.

ఛానెల్ చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఏడాదిలో మూడు నాలుగు నెలలు ఆపడం. నటులతో సంబంధం లేకుండా రచయితల్ని పెట్టుకుని, వాళ్ల పేర్లు తెర మీద వేయడం. తీసిన ఐదింటిలో రెండు ప్రసారం కాకుండా పక్కన పెట్టగలగడం. రాత్రి తొమ్మిదిన్నర స్లాట్ ఖాళీ అయితే ప్రకటనల ఆదాయం పోతుందన్న భయం సహజమే. కానీ ఆ స్లాట్‌లో వచ్చే కొత్త ఎపిసోడ్‌ని వదిలేసి ప్రేక్షకుడు 2015 స్కిట్ చూస్తున్నాడు, అది ఛానెల్‌కీ తెలుసు. ఆ స్కిట్లు రాసినవాళ్లలో చాలామంది ఇంకా పనిలోనే ఉన్నారు. వాళ్లను పిలిచి, వారం కాదు, నెల ఇవ్వాలి.